గాజు బయటి పసుపు

మా ఇంట్లో చేపలు చనిపోయింది మా అత్తగారు పూసిన పసుపు వల్ల కాదు. నేను వేసిన పైపు వల్ల.

మణుగూరు గనిలో పంపులు, పైపులు చూసుకోవడం నా ఉద్యోగం. అందుకే కాలనీ క్వార్టర్‌లో మొక్కల అక్వేరియం పెట్టినప్పుడు ఎవరినీ సలహా అడగలేదు. తొట్టి కింది అల్మారాలో డబ్బా ఫిల్టర్ అమర్చాను. ఒక గొట్టంలో నీళ్లు కిందికి దిగి, స్పాంజి గుండా వడకట్టుకుని, ఇంకో గొట్టంలో పైకి పోతాయి. నీళ్లు మార్చడానికి వంటింటి కుళాయి పైపుకు టీ జాయింటు వేసి, వాల్వు బిగించి, నేరుగా తొట్టిదాకా లైను లాగాను. బకెట్లు మోసే పని తప్పిందని అందరికీ చూపించుకునేవాణ్ని.

నిరుడు వానాకాలం భద్రాచలం దగ్గర గోదావరి పొంగింది. అలాంటి రోజుల్లో మా కాలనీ ట్యాంకులో బ్లీచింగ్ ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్లు చేపలకు విషం; తొట్టిలోకి వదిలేముందు డ్రమ్ములో పట్టి ఒక రోజు నిలవ ఉంచాలి, లేదా విరుగుడు మందు కలపాలి. మర్నాడు శుక్రవారం స్నేహితుల కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి. తొట్టి మెరవాలని తొందరపడ్డాను. వాల్వు తిప్పగానే బ్లీచింగ్ వాసన ముక్కుకు తగిలింది. అయినా వాల్వు కట్టేయలేదు. ఫిల్టర్ స్పాంజి కూడా ఆ నీళ్లతోనే పిండి కడిగాను.

తెల్లారి, పెనుబల్లి నుంచి వచ్చిన అత్తగారు స్నానం చేసి గడపకు పసుపు రాశారు. నీళ్లూ పచ్చదనమూ ఉన్నచోటని తొట్టి గాజుకు కూడా రాసి, బొట్టు పెట్టారు. గాజుకు బయటే. లోపల చుక్క పడలేదు.

భోజనానికి పిలిచినవాళ్లు వచ్చేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా పడ్డాయి.

"గిదేందన్నా, ఏమైంది?" అన్నాడు పక్క క్వార్టర్ అతను.

"మా అత్తమ్మ పసుపు పూజ," అన్నాను.

"పులుసుకు ముందే పసుపు పట్టించిందా ఏంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వచ్చిన రెండుసార్లూ ఆమె మా ఇంట్లో దేన్నీ తనంతట తాను ముట్టుకోలేదు. "ఈ గిన్నె తీయనా అమ్మా?" అని కూతుర్ని అడిగి తీసేవారు. గడపకు పసుపు రాయలేదు. మూడోసారి రమ్మంటే రాలేదు.

మొన్న పెనుబల్లి వెళ్లి అత్తగారికి నిజం చెప్పాను. ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. చెయ్యి ఆగలేదు.

"అప్పుడే తెల్సా మీకు?"

"తెలుసు అత్తమ్మా."

"నన్నన్నప్పుడు ఇంటినిండా జనం అల్లుడుగారూ. ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం."

తిరిగొచ్చి, ఆ రోజు వచ్చిన వాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లాను. "పోనీ అన్నా, చేపలే కదా," అన్నాడు పక్కింటతను. చేపల సంగతి కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. కొందరు బదిలీ మీద వెళ్లిపోయారు. వాళ్ల కంట పడుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నిన్న మా ఆవిడ వాళ్లమ్మకు ఫోన్ చేసి, నేను ఇంటింటికీ వెళ్లి నిజం చెప్పానని చెప్పి, ఎప్పుడొస్తావమ్మా అని అడిగింది.

"చూద్దాంలే," అన్నారట.