బీరమ్మ అటక

బీరమ్మ ఇంట్లోకి వెళ్లిన వస్తువు మళ్లీ బయటి వెలుగు చూసేది కాదు. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే బాట పక్కన, వాడకట్టు చివర ఉన్న పెంకుటిల్లు ఆమెది. పిడి ఊడిన కొడవళ్లు, మూతి పగిలిన కడవలు, తెగిన మోకులు, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దు మెడపట్టె, చిరిగిన చీరల మూటలు ఆ ఇంటి అటక మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అటక నిండాక మూలలు నిండాయి. మూలలు నిండాక మంచం కింద చోటు కూడా పోయింది. ఇక సర్దుకోవలసింది మనుషులే. కొడుకు స్వామిదాసు విసుక్కున్నప్పుడల్లా ఆమెది ఒకటే మాట.

"ఉండనియ్యి బిడ్డా. ఎప్పటికన్న పనికొస్తది."

ఎంగిలి చేత్తో కాకిని తోలదని వాడకట్టులో అనుకునేవాళ్లు. అది ఉత్త అన్యాయం. ఆకలితో వచ్చినవాళ్లకు తన గిన్నెలోని గటక తీసి పెట్టిన చెయ్యి అది. ఆ చేతికి రానిది వస్తువును వదలడమే. స్వామిదాసు చంటివాడుగా ఉన్నప్పుడు వచ్చిన కరువులో ఆ ఇంటి గిన్నెలు, గొడ్డలి, చివరికి వాకిలి తలుపు కూడా జొన్నల కింద పోయాయి. ఆ వెనకే మొగుడూ పోయాడు. తలుపు లేని ఇంట్లోకి కుక్కలు రాకుండా, పిల్లవాణ్ని పొట్టకు హత్తుకుని గడపకు అడ్డంగా పడుకున్న మనిషి ఆమె. అటువంటి మనిషితో పగిలిన కడవ పారెయ్యమని చెప్పడానికి నోరెట్లా వస్తుంది?

అటక మీద ఉన్నవన్నీ ఒక ఎత్తు, దూలం పక్కన గుడ్డ చుట్టి పెట్టిన చాట ఒక్కటీ ఒక ఎత్తు. పుట్టిన బిడ్డను ముందు చాటలో వేసి, తర్వాత తల్లి పక్కన పడుకోబెట్టడం అక్కడి ఆనవాయితీ. స్వామిదాసును వేసిన చాట అది. పాత వెదురు చాటను కొనేవాడు లేక కరువులోనూ మిగిలింది. ఇప్పుడు కోడలు సరోజమ్మకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ కూడా ఆ చాటలోనే పండాలని బీరమ్మకు గంపెడాశ.

అది పందొమ్మిది వందల ముప్పైల చివర ఒక ఏడు. జొన్నకోతలు అయిపోయాయి. సరోజమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉండగా అటక మీది నుంచి ఒక ఎలుక కింద పడి, గిలగిల తన్నుకుని చచ్చింది. ఎలుక పడిందంటే ప్లేగు వచ్చినట్టే. పొద్దు వాలకముందే ఊరు ఊరంతా ఇళ్లు విడిచి చేన్లలోకి నడిచింది. ఒక కుండ, రెండు కంచాలు, చాప, దుప్పటి, అంతకు మించి తేవద్దని ప్రార్థన చెప్పే సాముయేలు అందరినీ హెచ్చరించాడు. కప్పులు విప్పి ఎండ కొట్టించాకే మళ్లీ ఇళ్లలో అడుగు పెట్టాలట.

జొన్నచొప్పతో వేసిన గుడిసె ముందు బీరమ్మ రోజూ ఊరివైపు తిరిగి కూర్చునేది. తన మోకులు ఎవరెత్తుకుపోతారో అని బెంగ. ప్లేగు ఊళ్లోకి తెగిన మోకుల కోసం వచ్చే దొంగ ఎవడో ఆమెకే తెలియాలి.

సరోజమ్మకు నొప్పులు మొదలైన పొద్దున స్వామిదాసు మంత్రసాని కోసం పరుగెత్తాడు. పక్క గుడిసె వసంతమ్మ వచ్చి సరోజమ్మ నడుము పట్టుకుంది. బీరమ్మ ఎవరికీ చెప్పకుండా ఊరిదారి పట్టింది. చాట తెచ్చుకోవాలి, అంతే.

ఊళ్లో కోడి కూత కూడా లేదు. తలుపు తీసి, నిచ్చెన వేసి, అటక ఎక్కి చీకట్లో తడుముకుంటూ దూలం పక్కనున్న మూట లాగింది. వాకిట్లోకి తెచ్చి విప్పింది. గుడ్డనంతా కొరికి పీలికలు చేసి, ఎలుకలు చాటలో గూడు పెట్టుకున్నాయి. పెద్దదీ పిల్లలూ అన్నీ అందులోనే చచ్చి ఉన్నాయి, సరిగ్గా పసిబిడ్డ తల ఆనే చోట.

దాచి దాచి దయ్యాల పాలు చేయడం అంటే ఏమిటో బీరమ్మకు ఆ వాకిట్లో తెలిసొచ్చింది. ఇన్నేళ్లు తాను కాపలా కాసింది ఈ గూటికా? ఇప్పుడు ఈ చేతులతో కోడలి దగ్గరికి పోయే వీలు కూడా లేదు. ఆమె భోరున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, వాకిట్లో చొప్ప పేర్చి నిప్పు పెట్టింది.

ముందు చాట మంటలో పడింది. దాని వెనక మూటలు, మోకులు, మెడపట్టె. కడవలను దిబ్బ మీద పగలగొట్టింది. ఆ తర్వాత నిచ్చెనను కప్పుకు ఆనించి పెంకులు తీయడం మొదలుపెట్టింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి సగం కప్పు విప్పి, దిగి, లోపలికి తొంగి చూసింది.

ఇల్లంతా ఎండ. మూలమూలకూ ఎండ. ఎన్నడూ చూడని నేల కనిపించింది. మూటలు తీసిన చోట గోడ మీద వేళ్ల చారలు ఉన్నాయి. కొత్తకోడలిగా వచ్చిన ఏడు ఎర్రమట్టితో తాను అలికిన గోడ అది, ఆ వేళ్లు తనవే. బీరమ్మ ఆ చారల్లో వేళ్లు ఆనించి చాలాసేపు అట్లాగే నిలబడింది. ప్రార్థన గుడిలో కూడా ఆమెకు అంత భయభక్తి ఎప్పుడూ కలగలేదు.

"దేవా, ఈ ఇల్లు ఇంత పెద్దగున్నదా," అంది.

బావి దగ్గర తల మీదుగా నీళ్లు పోసుకుని చేనికి వచ్చింది కానీ గట్టు దాటలేదు. కొడుకు ఎదురొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"రాకు బిడ్డా. నేను ఇంట్లకు పోయొచ్చిన. ఎలుకల గూడు పట్టిన."

గుడిసెలోంచి పసిగొంతు ఏడుపు వినిపించింది. ఆడపిల్ల అని స్వామిదాసు అక్కడి నుంచే చెప్పాడు. బీరమ్మ గుడిసె వైపు మెడ సాచింది.

"దేంట్ల పండవెట్టిన్రు?"

"వసంతక్క చాటల. జొన్నలు చెరుగుకునే చాట తీసి ఇచ్చింది."

వసంతమ్మకు ఉన్నది ఆ ఒక్క చాటే. మరి ఆమె జొన్నలు ఎట్లా చెరుగుకుంటుందోనని బీరమ్మ ఆశ్చర్యపోయింది. జబ్బు తనకు అంటలేదని అందరికీ నమ్మకం కుదిరేదాకా గట్టు మీది వేపచెట్టు కిందే ఉండి, మనవరాలి ఏడుపు వింటూ గడిపింది. వసంతమ్మ తాటాకు దొప్పలో కొన్ని కొన్ని జొన్నలు పోసి చెరుగుకుంటుంటే చూస్తూనే ఉంది.

ఊరు మళ్లీ ఇళ్లకు చేరాక, చాట తిరిగి ఇవ్వబోతే, బిడ్డను వేసిన చాట వెనక్కి తీసుకోనని వసంతమ్మ వద్దంది. సరోజమ్మ దాన్ని శుభ్రంగా తుడిచి, గుడ్డ చుట్టి, ఖాళీ అటక వైపు చెయ్యి చాచింది. మళ్లీ కాన్పుకు ఎప్పటికైనా పనికొస్తుందట.

బీరమ్మ కోడలి చేతిలోంచి చాట అందుకుంది. గుడ్డ విప్పేసింది.

"కుర్మయ్య కోడలికి నెలలు నిండినయట. పోయి ఇచ్చిరా బిడ్డా."

ఆ చాట వాడకట్టులో చాలామంది పిల్లలను మోసింది. ఎవరింట్లో ఉన్నదని బీరమ్మ ఎన్నడూ అడగలేదు.