చక్రం కింద సమ్మయ్య చెప్పులు

1982లో వరంగల్‌లోని ఒక నూలు మిల్లు గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్‌గా చేరాను. ముందున్న రెండు ఇనుప చేతులతో బరువు ఎత్తి మోసే బండి అది. గోదాం నిండా పత్తి నూగు తేలుతుండేది. రేకుల సందుల్లోంచి ఎండ పడితే ఎక్కడా వాలకుండా మెరుస్తూ తిరిగేది. ఆ వెలుగులో నిద్రలో బండి నడుపుతున్నట్టుండేది. నా నోరు మాత్రం మేలుకునే ఉండేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది మరి.

బండి వెనుక కౌంటర్‌వెయిట్ అని ఇనుప దిమ్మ ఉంటుంది. ముందు ఎత్తిన బరువుకు అది సరితూగాలి. ఆ గోదాంలో ముందు బరువు మోతాదు మించితే, వెనుక బరువు పెంచడానికి సమ్మయ్య అనే హమాలీని దిమ్మ మీదికి ఎక్కించేవారట. భారీ మనిషి. మోకాలు చెడి మూటలు మోయలేకపోతే, గోదాం మేస్త్రీ ఈ పనికే ఉంచుకున్నాడు.

నేను చేరిన వారంలోనే ఒక యంత్రం పెట్టె వచ్చింది. చూడగానే బండి శక్తికి మించిందనిపించింది.

“సమ్మయ్యను ఎక్కించుకో. పాత డ్రైవర్ ఎన్నడన్న అడ్డం జెప్పిండా?” అన్నాడు మేస్త్రీ.

“నేను చెప్తున్న. మనిషిని ఎక్కిస్తే బండి తియ్య.”

సమ్మయ్య అప్పటికే చెప్పులు విడిచి వెనుక చక్రం పక్కన పెట్టి, బండికి దండం పెట్టి ఎక్కేశాడు. అన్నం పెట్టే బండిని చెప్పులతో తొక్కడట.

“ఫికర్ జెయ్యకు తమ్మీ, నేనున్న గద.”

“దిగు అన్నా. బతికుంటే బలుసాకు తినొచ్చు.”

“బలుసాకు తెంపుకరానికైనా మోకాలు మంచిగుండాలె గద,” అని నవ్వుతూ దిగాడు. కానీ ముఖం పాలిపోయింది. ఈ పని పోతే మేస్త్రీ ఆయనను ఇంటికి పంపేస్తాడని అందరికీ తెలుసు.

అందరినీ దూరం జరిపి, కాస్త లేపి చూద్దామని లివర్ లాగాను. పెట్టె లేవలేదు, నేనే లేచాను. వెనుక చక్రాలు నేల విడిచి, నా సీటు ఊయలలా మెల్లగా పైకి తేలింది. కళ్ల ముందు నూగు, ఎండ, ఏ చప్పుడూ లేదు. ఆ క్షణం హాయిగా ఉందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. లివర్ దించగానే బండి కాస్త పక్కకు జరిగి, వెనుక చక్రాలు దభీమని నేల మీద పడ్డాయి.

దిగి చూస్తే చక్రం కింద సమ్మయ్య చెప్పులు నలిగి ఉన్నాయి.

“నేను ఎక్కి ఉంటే బండి లేవకపోవునేమో,” అన్నాడాయన మెల్లగా.

“ఈడ లేవకపోవచ్చు. గుమ్మం ఎక్కేటప్పుడు లేస్తే? నువ్వు జారి ఏడ పడుతవే అన్నా? గా చెప్పులున్న జాగలనే.”

ఆయన వంగి చక్రం కింది చెప్పును లాగబోయాడు. “మరి రేపట్నుంచి నేనేం జెయ్యాలె తమ్మీ?”

ఆ మాటకు నా కోపమంతా దిగిపోయింది. పెట్టె విప్పించి యంత్రాన్ని భాగాలుగా మోద్దామన్నాను. మొదటి భాగం ఎత్తితే నాకు ముందు దారి కనబడలేదు. అప్పుడు తట్టింది.

“అన్నా, జర దూరంగ పక్కన నడువు. ఎవరన్న అడ్డమొస్తే చెయ్యెత్తు.”

మేస్త్రీ గొణిగాడు. దారి చూపే మనిషి లేకుంటే బండి కదలదని తాళంచెవి జేబులో వేసుకున్నాను. చివరికి ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం సమ్మయ్య వట్టి కాళ్లతో కుంటుతూ, ఎర్ర తువ్వాలు పట్టుకుని నూగులో నడిచాడు. ఆయన చెయ్యి చూసుకుంటూ నేను నడిపాను.

తర్వాత ఎందరికో ఈ బండి నేర్పాను. మనిషిని బరువుగా లెక్కెయ్యొద్దని మొదటిరోజే చెప్పేవాడిని. అది నాకు నేర్పింది సమ్మయ్యే. ఒకరోజు టీ తాగుతూ ఆయన అన్నాడు: “ఇన్నేండ్లు దిమ్మ లెక్కనే నిలబడ్డ తమ్మీ. నేను చెయ్యెత్తితే బండి ఆగుతదని నాకే తెల్వకపాయె.”