పొట్లం చదివే మనిషి

మా ఆయనకు ఒకటే పిచ్చి. తినే వస్తువు ఏదైనా సరే, పొట్లం మీదున్న రాతంతా పైకి చదివితే గాని నోట్లో పెట్టుకోరు, ఎవర్నీ పెట్టుకోనివ్వరు. మనసులో చదువుకోవచ్చుగా? అబ్బే. వీధి చివరి దాకా వినబడాలి.

నలభయ్యేళ్లు అచ్చాఫీసులో సీసం అక్షరాలు కూర్చిన మనిషి. చీమ తలకాయంత అక్షరాన్నయినా వదలరు. రిటైరయ్యాక కొన్నాళ్లు కుదురుగానే ఉన్నారు. ఈ రెండేళ్ల నుంచే ముదిరింది.

కిరాణా కొట్లో బిస్కెట్ పొట్లం వెనక్కి తిప్పారంటే వెనకున్న వరస వీధిలోకి పాకుతుంది. "పెద్దాయనా, కొనేదేమైనా ఉందా, పారాయణమేనా?" అంటాడు కొట్టతను. "ఉండవయ్యా, ఇంకా ఉప్పు దగ్గరే ఉన్నాను" అంటారీయన.

పై అంతస్తు పెద్దాయన పోయినప్పుడు పలకరించడానికి వెళ్లాం. ఏడ్చి ఏడ్చి నీరసపడ్డ కోడలు టీతో పాటు నాలుగు బిస్కెట్లు పెట్టింది. "వీటి పొట్లం ఉందా అమ్మా?" అన్నారు. ఆ పిల్ల బిత్తరపోయి చెత్తబుట్టలోంచి తీసిచ్చింది. అందరూ కళ్లొత్తుకుంటుంటే ఈయన "గోధుమపిండి, పంచదార, పామాయిలు..." అని అందుకున్నారు. నా తల ఎక్కడ పెట్టుకోను?

"మీకు సిగ్గు లేదూ?" అన్నాను మెట్లు దిగుతూ.

"పొట్లం మీద ఆ సంగతి రాయలేదే" అన్నారు.

ఆయన్ని ఇంత ఎత్తిపొడిచాక నా సంగతి దాచడం న్యాయం కాదు. మా అమ్మాయీ మనవరాలూ మా దగ్గరే ఉంటారు. పిల్లకు వేరుశెనగ పడదు. పలుకు దాకా అక్కర్లేదు, పొడి తగిలినా గొంతు పూడుకుపోతుంది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కొత్త రకం బిస్కెట్లు తెచ్చి పెట్టబోతుంటే అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"పొట్లం చదివావా అమ్మా?"

"చదివానే. ఏమీ లేదు."

నేను చదివింది రెండో తరగతి. కొట్టు బోర్డులు చదువుతాను, శుభలేఖ కూడబలుక్కుంటాను. పొట్లం వెనక రాత నా వల్ల కాదు. ముందున్న బొమ్మ చూశాను. గోధుమ కంకి, పాలగ్లాసు. వేరుశెనగ బొమ్మ లేదు. బొమ్మ లేదు గనక లోపలా లేదనుకున్నాను.

పిల్ల మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆరేళ్ల మొహం ఎవరిదో తెలియనంతగా ఉబ్బిపోయింది. "చదివానన్నావు కదమ్మా" అంది అమ్మాయి. అందరి తప్పులూ ఎంచే ఈ నోరు అప్పుడైనా నిజం చెప్పిందా? "అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి" అని బొంకింది.

ఆ తర్వాత బడి అవగానే అమ్మాయి పిల్లను పక్కింట్లో ఉంచేది. గోడకు ఇవతల సొంత అమ్మమ్మ ఉండగా.

మా మేడలో ఏటా సెలవుల చివరి రోజున పిల్లలు సంచులు పట్టుకుని పన్నెండు గుమ్మాలూ తిరుగుతారు. ఇంటికో మిఠాయి. కిందటేడు మా పిల్ల ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని తలుపు వెనక కూర్చుంది. "ఇప్పుడు మూడో గుమ్మం అమ్మమ్మా. ఇప్పుడు కుట్టు పిన్ని వాళ్లది" అని అడుగుల చప్పుడు వింటూ నాకు చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఈ ఏడు వారం ముందు నుంచే ఆయన ఒక్కో గుమ్మమే ఎక్కడం మొదలెట్టారు. "ఏం కొన్నారు? పొట్లం చూపించండి."

"ఒక్క పిల్ల కోసం అందరికీ మానెయ్యమంటారా?" అంది ఒకావిడ.

"మానొద్దమ్మా. వేరుశెనగ ఉన్నవి వేరే సంచిలో ఉంచండి. మా దానికి పెన్సిలు ముక్క పెట్టినా చాలు. తలుపు మాత్రం వెయ్యకండి."

బట్టలు కుట్టే ఆవిడ నన్ను మెట్ల మీద ఆపింది. "పిన్నిగారూ, బాబాయిగారు అంత గొంతు పెట్టి ఎందుకు చదువుతారని అడిగానండీ. మా ఆవిడకి చూపు ఆనదు, వంటింట్లోకి వినబడాలి, అడగమంటే అడగదు అన్నారు."

నాకు చూపు ఆనదా! సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను. ఎక్కించి ఇస్తే గుండీ కుట్టుకునేది ఆయనే. అంటే ఆ రోజు నేను పొట్లం చదవలేదని మొదటి నుంచీ ఆయనకు తెలుసు. లోకమంతా నవ్వుతున్నా గొంతు చించుకున్నారు గాని, నా గుట్టు బయటపెట్టలేదు. వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఉల్లిపాయలన్నా తరగడం లేదు, కళ్లనీళ్లకు వంక చెప్పుకోవడానికి.

ఆ సాయంత్రమే అమ్మాయితో అన్నాను, "ఆ రోజు నేను చదవలేదే. నాకు రాదు."

అది బట్టలు మడతపెడుతోంది. "రాదన్నందుకు పిల్లను పక్కింటికి పంపేదాన్నా అమ్మా? వచ్చన్నావు, అందుకు భయపడ్డాను" అంది. చివరి చొక్కా మడిచి, "రేపు గుమ్మాలు తిరగడానికి దాంతో నువ్వే వెళ్లు" అంది.

మొదటి గుమ్మం ఎక్కాం. "కాస్త చదివి పెట్టమ్మా, నాకు రాదు" అన్నాను. ప్రాణం పోయినంత పనైంది. రెండో గుమ్మంలో కొంచెం తేలికయింది. నాలుగో గుమ్మంలో నేను నోరు తెరిచేలోపే మా పిల్ల సంచి చాపి, "మా అమ్మమ్మకి చదవడం రాదండీ! మీరే చదవాలి, గట్టిగా!" అంది. మేడంతా మోగింది. పన్నెండో గుమ్మం దాకా అదే చాటింపు. నోరు ముయ్యవే అందామనుకున్నాను. అది బరువెక్కిన సంచి ఒక చేత్తో మోస్తూ, రెండో చేత్తో నా వేలు పట్టుకుని గెంతుతోంది. పోనీలే, వాగనీ అని ఊరుకున్నాను.