మా కుక్క ఒక్కపొద్దు

మా కుక్క దారి మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టాక మా ఇంట్లో రాజకీయం వేడెక్కింది. అవ్వ రోజూ మేకలను తోలుకుని వాగు అవతలి బీడుకు పోతుంది. ఊరకుక్కలు మేకపిల్లల జోలికి రాకుండా వెంట పోవడం మా కుక్క ఉద్యోగం. అలాంటిది వాగు రాకముందే చతికిలబడి, నాలుక బయటేసి, బస్సు తప్పిపోయిన ప్రయాణికుడిలా మేకల వైపు చూసేది.

అవ్వ కొడుకైన మా బాపు తీర్పు చెప్పేశాడు. "కుక్క పని అయిపోయింది. నువ్వొక్కదానివే బీడుల తిరుగుతుంటె నాకు ఫికరైతాంది. మేకలు అమ్మేద్దామే అవ్వా."

"మేకలమ్మి నేనేం జెయ్యాల్రా? నీ మొకం సూసుకుంట కూసోవాల్నా?"

బాపు ముఖం మరీ చెడ్డదేమీ కాదు. అలాగని పొద్దంతా చూడదగ్గదీ కాదు.

కుక్కకు నీరసం వచ్చిందని అవ్వ తేల్చింది. నీరసానికి మందు తిండి. జొన్నరొట్టెకు తోడు రోజూ ఉడకబెట్టిన గుడ్డు, ఆదివారం మటన్ కొవ్వు. ఈ వైద్యం బ్రహ్మాండంగా పనిచేసింది. వాగు దగ్గర కూర్చునే కుక్క సగం దారిలోని వేపచెట్టు దగ్గరే కూర్చోసాగింది. వైద్యం ఇంకా పెంచారు. అప్పుడది వాకిలి దాటగానే కూర్చుంది. ఇంకొన్నాళ్లు పోతే లేవకుండానే కూర్చునే స్థాయికి ఎదిగేది.

"దవాఖానకు తీస్కపోదాం అవ్వా" అన్నాను. నాకు చౌటుప్పల్‌లో కంపెనీ ఉద్యోగం. సెలవు రోజు చూసుకుని ఆటో మాట్లాడాను. ఆటో ఆయన కుక్కను పైనుంచి కిందికి చూసి, "మనిషి లెక్కనే ఎక్కుతదా, సామాన్ల లెక్కనా?" అని అడిగాడు. ఇద్దరం కలిసి సామాన్ల లెక్కనే ఎక్కించాం.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ కాళ్లు ఒత్తి చూసింది, గుండె విన్నది, పైనుంచి నడుము చూసింది. అంటే నడుము ఉండాల్సిన జాగా చూసింది. గోడ మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా కుక్క బొమ్మలున్న పటం ఉంది. మొదటి బొమ్మ ఎముకల గూడు. చివరి బొమ్మ నిండు గోనెసంచికి నాలుగు కాళ్లు.

"మావోడు ఏడున్నడు బిడ్డా?" అంది అవ్వ.

డాక్టరమ్మ చివరి బొమ్మ మీద వేలు పెట్టింది.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "తొమ్మిదికి తొమ్మిదా!" అని నా వైపు తిరిగింది. నా జీవితంలో ఏ పరీక్షలోనూ నేను చేయలేని పని కుక్క చేసిందని ఆ చూపుకు అర్థం.

"అయ్యో, అట్ల కాదు పెద్దమ్మా. నడిమిట్ల ఉండాలె. నాలుగో, అయిదో. దీనికి రోగం లేదు, బరువే రోగం. గిట్లనే ఉంటె కీళ్లు పోతయి, ఇగ మీ వెంట ఎప్పటికీ రాదు."

అవ్వ నవ్వు ఆగిపోయింది. ఎప్పటికీ రాదంటే మేకలు పోయినట్టే. బాపు ముఖమే మిగులుతుంది.

ఇంట్లో చూసుకోవడానికి డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. పిడికిలి బిగించి కణుపుల మీద తడిమితే ఎలా ఉంటుందో పక్కటెముకలు అలా తగిలితే కుక్క బక్కది. అరచేయి తడిమినట్టుంటే లావు. చేయి చాపి వెనక వైపు తడిమినట్టుంటే సరిగ్గా ఉన్నట్టు. అవ్వ తన చేయి తడుముకుంది. ముందూ వెనకా అన్నీ కణుపులే. ఆ చేతితో పోలిస్తే ఊళ్లో మేకలతో సహా అందరూ లావే. బాపు చేయి చూద్దామంటే అది మొత్తం అరచేయే. చివరికి ఇంటి కొలతగా నా చేయి ఎంపికైంది. నేను డ్యూటీకి బయలుదేరేముందు అవ్వ నా చేయి పట్టుకుని వెనక వైపు తడిమేది, వంగి కుక్కను తడిమేది, మళ్లీ నన్ను తడిమేది. దారిన పోయేవాళ్లు మా ఇద్దరిలో ఎవరికి బాగాలేదని అడిగేవాళ్లు.

తిండి మెల్లమెల్లగా తగ్గించమన్నది డాక్టరమ్మ. ఇంట్లో తగ్గించాం. వాడకట్టు తగ్గించలేదు. మా దగ్గర ఎవరు తిన్నా చివరి ముద్ద కుక్కకు ఉంచుతారు. అన్ని ఇళ్ల చివరి ముద్దలు కలిపితే ఒక చిన్న దావత్. డాక్టర్ వద్దన్నదని చెబితే, "డాక్టర్లు గట్లనే అంటరు" అని ఇంకో ముద్ద ఎక్కువ వేశారు.

అప్పుడు అవ్వ గడప మీద నిలబడి ప్రకటించింది. "మావోడు ఒక్కపొద్దున్నడు. మాపటి దాక ఏం ముట్టడు."

డాక్టర్ మాట ఎవరైనా దాటుతారు, ఒక్కపొద్దును ఎవరు చెడగొడతారు? ఎదురింటి అత్త రొట్టె ముక్క వెనక్కి తీసుకుని మెల్లగా అడిగింది.

"ఏ వారం ఒక్కపొద్దు, పెద్దమ్మా?"

"అన్ని వారాలు."

"అబ్బ! ఏం భక్తి!" అని ఆమె కుక్క నుదుట బొట్టు పెట్టింది. కుక్క ఆ బొట్టునూ నాకబోయింది, నాలుక అందలేదు.

అయితే ఒక్కపొద్దున్నవాళ్లు పలారం తినొచ్చన్న సంగతి అవ్వ మరిచిపోయింది. మర్నాటి నుంచి అరటిపండ్లు, బెల్లం అటుకులు, కొబ్బరి ముక్కలు వరుసకట్టాయి. భక్తుడు ఏదీ కాదనలేదు. అవ్వకు మళ్లీ గడపెక్కక తప్పలేదు.

"మావోడిది కటిక ఒక్కపొద్దు! పలారం గూడ ముట్టడు!"

"మా ఆయన ఒక్కనాడన్న గట్ల ఉండడు" అంది ఎదురింటి అత్త, కుక్క వైపు గౌరవంగా చూస్తూ. ఆ రోజు నుంచి దానికి వాడకట్టులో నీళ్లు తప్ప ఏమీ దొరకలేదు. మా ఇంట్లో మాపటికి పెట్టే కొలత తిండే దానికి ఆధారం. మొదట్లో అది నన్ను చూసిన చూపులు ఇక్కడ రాయను.

వానలు పడి బీడు పచ్చబడే నాటికి పక్కటెముకలు చేతికి తగలసాగాయి. వేపచెట్టు దాటింది. వాగు దగ్గర ఆగి, నీళ్లు తాగి, మళ్లీ నడిచింది. ఒకనాడు మాపటికి బీడుకు పోయిన మేకలన్నీ తిరిగొచ్చాయి, వాటి వెనక తోక ఆడిస్తూ కుక్క వచ్చింది, దాని వెనక ఆయాసపడుతూ అవ్వ వచ్చింది.

నేను గడప దగ్గర అన్నం తింటున్నాను. బాపు అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. "బీడు దాక పోయిందా?" అన్నాడు.

"దాటి గూడ పోయింది. నేనే ఆగు ఆగుమని మొత్తుకున్న." అవ్వ కాళ్లు కడుక్కుని ఆయన పక్కన కూర్చుంది. "రేపు అంగడికి పోతవా కొడుకా?"

మేకలు అమ్మడానికి తనే ఒప్పుకుంటోందేమోనని బాపు సర్దుకుని కూర్చున్నాడు. "పోత. ఎన్నింటిని తోలుకపోవాలె?"

"తోలుకపోవుడు కాదు. ఇంకో రెండు పిల్లలను తోలుకరా. మావోడికి పని సాల్తలేదు."

బాపు నా వైపు చూశాడు. నేను అన్నం మీద దృష్టి పెట్టాను.