ఏడేళ్లకు కాసే చెట్టు

ఆదిభట్ల పోయే కంపెనీ బస్సు కోసం ఇబ్రహీంపట్నంలో నేను నిలబడే చోట రెండు కానుగ చెట్లున్నాయి. ఎండలు ముదిరాక కాయలు రోడ్డు మీద రాలతాయి. బస్సు వచ్చి సరిగ్గా వాటి మీదే ఆగుతుంది. చిట్లిన గింజల్లోంచి చేదు వాసన లేస్తుంది. తోటి ఉద్యోగులు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఊపిరి కాస్త లోపలికే తీసుకుంటాను. ఆ వాసనలో నాకొక పాత జీపు, దాని వెనక నల్లటి పొగ, ఆ పొగతో తనకేమీ సంబంధం లేనట్టు ముందు సీట్లో కూర్చున్న యాదన్న కనిపిస్తారు.

యాదన్న మాకు ఒకసారి ఎమ్మెల్యే. ఒక్కసారే. నగరం మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులవి. శేరిగూడలో ఇంజనీరింగు ముగించి, ఇంట్లో దీర్ఘ విశ్రాంతి తీసుకుంటున్న నన్ను మా నాయన సిఫారసు కోసం ఆయన దగ్గరికి తీసుకుపోయాడు.

"ఏం చదివినవ్?"

"మెకానికల్, అన్నా."

"ఎన్నడన్న ఇంజను ఇప్పినవా?"

"పరీక్షల ఇప్పిన."

ఆయన చాలాసేపు నవ్వారు. "గట్లయితే నా జీపు ఇప్పుదువు గని, రేపటి సంది రా ఇంజనీరూ." మా నాయన దాన్ని ప్రభుత్వోద్యోగం అనుకొని సంతోషంగా ఇంటికి వెళ్లాడు.

ఆయన పట్టుదల ఒక్కటే. రైతుకు డీజిల్ చవకగా దొరకాలి, దొరకాలంటే మన నూనె మన దగ్గరే పండాలి. యాచారం వైపు అంతా వాన మీద బతికే చేలు. డీజిల్ పెరిగినప్పుడల్లా ట్రాక్టరు కిరాయి పెరిగేది. కందుల ధరకు మాత్రం ఆ అలవాటు లేదు. "సముద్రం అవతల తవ్విన నూనె కోసం మన రైతు ఎందుకు ఎదురుచూడాలె? చేను ఒడ్డు మీద కానుగ పెడితే నీళ్లడగదు, మేక ముట్టది. గింజ ఆడిస్తే ట్రాక్టరు నడుస్తది" అని అసెంబ్లీలో మాట్లాడారు. ప్రసంగం నేనే రాసిచ్చాను. అందులోంచి ఒక్క ముక్క కూడా ఆయన చదవలేదు. ముందు మీ జీపు నడిపి చూపించండి అని ఎవరో సభ్యుడు అన్నాడు. అది ఎగతాళి అని ఆయనకు తప్ప సభలో అందరికీ అర్థమైంది.

ఇంటికి రాగానే గింజలు ఆడించి, నూనెను పాత ధోవతిలో వడగట్టి, డీజిల్లో కలిపి జీపులో పోశాం. నడిచింది. పెళ్లిళ్లకు పోతే, జీపు ఊరి పొలిమేరలో ఉండగానే వాసన ముందు పోయేది, పెళ్లివాళ్లు కుర్చీ వేసి పెట్టేవారు. ఒకరోజు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో, అందరూ చూసేలా, ఫిల్టరు పూడుకుపోయి జీపు ఆగింది. జనం తోస్తుంటే ఒక ఆటో డ్రైవరు కేకేశాడు:

"సాబ్, నూనె మనదే, తోసుడు గూడ మనదేనా?"

"అవ్ బిడ్డా, దిగుమతేం లేదు. జర గట్టిగ తొయ్!"

ఆ మధ్యాహ్నం ఫిల్టరు విప్పి కడిగాను. నాలుగేళ్ల చదువుకు మొదటిసారి చేతులకు మసి అంటింది.

మొక్కలు నాటడానికి యాచారం దగ్గర పోచమ్మక్క చేనుకు వెళ్లాం. మొగుడు పోయాక ఒక ముసలి ట్రాక్టరుతో సేద్యం లాక్కొస్తున్న మనిషి ఆమె. "ఎప్పుడు కాస్తది తమ్మీ?" అని ఎమ్మెల్యేనే నిలదీసింది.

"ఏడేండ్లు, అక్కా."

"అప్పటిదాంక నేనుండాలె, నువ్వుండాలె" అంటూనే గుంత తీసింది. తిరిగొస్తూ నేను గొణిగాను: "అన్నా, నీ పదవి ఐదేండ్లు. మూడేండ్లకు కాస్తదంటే ఏం పోతుండె?"

"మూడేండ్లంటే, నాలుగో ఏట చెట్టు నరుకుతరు."

"ఏడేండ్లంటే ఐదో ఏట నిన్ను నరుకుతరు."

"నరకనియ్. చెట్టన్న ఉంటది" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

సగం నిజమైంది. ఆయన ఓడిపోయారు. చెట్లు అప్పటికి ఆయన భుజాలు దాటాయి. కానీ ఈలోగా చేలల్లో కందికి బదులు ప్లాట్ల రాళ్లు మొలిచాయి. అలా ఒక రోజు పోచమ్మక్క వచ్చి యాదన్న ఇంటి గడపలో కూలబడింది. "కొడుకులు అమ్ముదమంటున్నరు తమ్మీ. గా చెట్లు ఇప్పుడే పూతకొచ్చినయ్. కాసినంక అమ్ముమని జర చెప్పు."

"నీ భూమి అక్కా. నా చెట్ల కోసం నీ పిల్లలను ఎట్ల ఆగుమంటా?" అన్నారు యాదన్న. కండువా భుజాన వేసుకొని లేచారు. "కొనేటోళ్లను అడుగుత. ఒక్క ఎండకాలం."

పదవి లేని మనిషి అడిగాడు. మర్యాదకో, కాగితాలు తెమలకో, వాళ్లు ఆగారు. ఆ వేసవి ముగ్గురం చెట్ల కింద టార్పాలిన్ పరిచి కట్టెలతో కాయలు రాల్చాం. ఆయన మెడలోని కండువా కాయలతో నింపుకొని పెళ్లికొడుకులా నడిచారు. ఆడించిన నూనె ఒక క్యానుకు వచ్చింది. డీజిల్ కలపకుండానే అక్క ట్రాక్టరులో పోసి చూద్దామన్నారు. ఇంజను వేడెక్కాక పోశాను. ట్రాక్టరు దగ్గింది, వణికింది, ఆగదనుకుని మేం ఊపిరి పీల్చేలోగా ఆగింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చేను ఈ కొస నుంచి ఆ కొసకు దున్నుకుంటూ పోయింది. పోచమ్మక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "కంపు గని, మన కంపే" అంది.

"నడిచింది కదా?" అన్నారు యాదన్న, కళ్లెదుట చూసి కూడా.

"నడిచింది అన్నా."

వానలకు ముందే జేసీబీ వచ్చింది. చెట్లు ఒక్కొక్కటే వేళ్లతో సహా ఒరుగుతుంటే యాదన్న రోడ్డు మీద నిలబడి చూశారు. "దాంట్ల ఏం పోసిన్రు?"

"బంకు డీజిలే అన్నా."

"అడగకపోతేనే బాగుండె."

తర్వాత నాకు ఆదిభట్లలో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున ఆయన ఫోను వచ్చేది. "బంకుల ఇయ్యాల ఎంత?" పెరిగిందనేవాణ్ణి. "నన్ను ఓడగొడితే గిట్లనే ఉంటది" అని తృప్తిగా పెట్టేసేవారు. ఇప్పుడా ఫోను రాదు. అయినా బస్సు బంకు దాటేటప్పుడు బోర్డు చూస్తాను. జవాబు సిద్ధంగా పెట్టుకుంటాను. కాసేపు ఫోను చేతిలోనే ఉంటుంది.

బస్సు కింద పడని కాయలు నాలుగు జేబులో వేసుకోవడం నా అలవాటు. బట్టలు ఉతికేటప్పుడు మా ఆవిడ వాటి గురించి కొంత మాట్లాడుతుంది. వాటిలో ఒకటి ఈ ఏడు బాల్కనీ కుండీలో మొలిచింది. మా పాప దాని ముందు గొంతుక్కూర్చొని, రెండాకులను లెక్కపెట్టి, "ఎప్పుడు కాస్తది డాడీ?" అని అడిగింది. పిల్ల మొహం చూస్తే త్వరలోనే అని చెప్పాలనిపించింది. నోరు రాలేదు.

"ఏడేండ్లు, బిడ్డా."

అది ఒక నిమిషం ఆలోచించి, లోపలికెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చింది.