సౌదామిని మేడమ్ గీసిన తీరం

సౌదామిని స్వైన్ ఒడిశా తీరంలోని బాలేశ్వర్‌లో పాతికేళ్లుగా యూనివర్సిటీ పిల్లలకు పర్యావరణం పాఠం చెబుతోంది. చాలా ఏళ్లు గ్రాఫులతోనే నెట్టుకొచ్చింది. సముద్రం ఇంత లోపలికొచ్చిందని గీత గీసి చూపిస్తే, ఆ నీళ్లలోనే ఇళ్లు పోగొట్టుకున్న పిల్లలు కూడా బుద్ధిగా నోట్సు రాసుకునేవారు. అది చూసి ఒకరోజు ఆమెకే సిగ్గేసింది.

ఆ ఏడాది పరీక్ష తీసేసింది. ఫోన్‌తో మూడు నిమిషాల వీడియో తీయాలి, ఊళ్లో ఏం మారిందో సొంత గొంతుతో చెప్పాలి.

కుంతల మల్లిక్ తెచ్చిన వీడియోలో మంచుకొండలు విరిగిపడుతున్నాయి, తెల్ల ఎలుగుబంటి ఈదుతోంది.

"ఇది మీ ఊరి ఎలుగుబంటేనా?" అంది సౌదామిని. క్లాసంతా గొల్లున నవ్వింది.

కుంతల మూతి ముడుచుకుంది. "మా ఊళ్లో చూపించడానికేముంది మేడమ్? ఊరే రెండుసార్లు వెనక్కి జరిగింది."

సౌదామిని ఫోన్ ఆమె చేతికి తిరిగిచ్చింది.

"అదే తీసుకురామ్మా. మీ బౌని అడుగు."

"నా మొహం, నేనేం మాట్లాడతానే!" అని వాళ్లమ్మ మాలతీలత మొదట తప్పించుకుంది. తర్వాత పోటు తగ్గిన వేళ, కుంతల ఫోన్‌లో తీస్తుండగా, మోకాలి లోతు నీళ్లలోకి దిగి, తుప్పుపట్టిన బోరింగు గొట్టాన్ని తట్టింది. "నువ్వు పుట్టినప్పుడు ఈ బోరింగు నీళ్లే పోశాం. ఇది మన వాకిలి." సగం మాటలు గాలి మింగేసింది. అయినా క్లాసులో అందరూ కదలకుండా చూశారు.

ఆరోజు క్లాసుకు మాలతీలత కూడా వచ్చింది. గోడమీది సముద్రతీరం పటం ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"దిదీ, ఈ పాత గీత తప్పు."

అది సౌదామిని పరిశోధన కోసం గీసుకున్న పంతొమ్మిదివందల తొంభై నాటి తీరం. "ఉపగ్రహం ఫోటో చూసి గీశానమ్మా."

"గీస్తే గీశారులే. దీని లెక్కన మా బడి నీళ్లలో ఉండాలి. ఆ రోజుల్లో నేను ఐదో తరగతి దాకా నడిచే వెళ్లాను, ఈదుతూ కాదు."

ఈసారి నవ్వు మేడమ్ మీద. ఆమె మొహం ఎర్రబడింది. ఇంటికెళ్లి పాత కాగితాలన్నీ తిరగేసింది. ఆ ఫోటో సముద్రం బాగా లోపలికి పొంగిన పెద్ద పోటు వేళ తీసినది. అప్పట్లో ఆ సంగతి చూసుకోనేలేదు.

మర్నాడు క్లాసులో తన తప్పు తనే చెప్పింది. ఆదివారం కొత్త పటం పట్టుకుని కుంతల ఊరికి బయల్దేరింది. దానికింద తన పేరు పక్కన మాలతీలత పేరుంది.

మాలతీలత పేరు సంగతి పట్టించుకోలేదు. వేలితో తీరం వెంబడి వెతుకుతూ, "బడి పెట్టారు సరే, మా మొగలి పొదలేవీ?" అంది.

సౌదామిని అరుగుమీద కూర్చుని పెన్ను తీసింది. "ఎక్కడో చూపించండి."