మెడిక్ కిల్టు

జనవరిలో అలాస్కా చేరాను. ఉదయం తొమ్మిదిన్నర. మైనస్ ముప్పై రెండు. విమానం దిగగానే ముక్కులో తడి గడ్డకట్టింది. నేను సైన్యంలో రేడియో ఆపరేటర్‌ని. తొమ్మిది నెలల డ్యూటీ.

మా బ్యారక్‌లో వైద్యం చూసే మెడిక్ దగ్గర వాళ్ల తాత కిల్టు ఉండేది. స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల ఉన్ని బట్ట. ఎనిమిది గజాలు. కుచ్చిళ్లు వాళ్ల నాయనమ్మ చేత్తో కుట్టింది. బ్యాగ్‌పైప్ అనే గొట్టాల ఊదుడు వాద్యం వాయించేటప్పుడే కట్టేవాడు.

ఆ ఏడాది కిల్టులు ఫ్యాషన్. మాల్‌లో నల్లవి, జిప్పులవి, జేబులవి. ఫోన్ తెరిస్తే లెదర్ జాకెట్లేసుకున్న మోడళ్ల ఒంటి మీద అవే. నాకూ అలాంటి ఫొటో కావాలనిపించింది. అడిగాను.

"అది వేషం కాదు," అన్నాడు మెడిక్.

ఒక మధ్యాహ్నం అతను క్లినిక్‌కి వెళ్లాక లాకర్‌లోంచి తీశాను. ట్రక్కుల షెడ్డులో కట్టుకున్నాను. ఫొటో తీసింది మా డ్రైవర్, కమ్మింగ్ అనే అమెరికా ఊళ్లో పెరిగిన తెలుగువాడు.

"అన్నా, హీటర్ పక్కకి జరుగు. లైటింగ్ మస్తుంటది."

జరిగాను. ఉన్ని భగ్గుమనదు, మాడుతుంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చాకే చూసుకున్నాను. కుడి తొడ దగ్గర అరచెయ్యంత రంధ్రం.

"చెప్పేద్దాం అన్నా. నేనూ వస్తా."

"నోర్మూసుకో. ఫొటో డిలీట్ చెయ్."

మడిచి లాకర్‌లో పెట్టేశాను.

నాలుగో రోజు, పదకొండు నలభై. మంచు రోడ్డు మీద డ్రైవర్ ట్రక్కు లోయలోకి జారింది.

"ట్రక్ టూ, జవాబివ్వు." మూడుసార్లు పిలిచాను. వెనక బండిలోని మెడిక్ గొంతు వచ్చింది. "డ్రైవర్ పోయాడు."

సంతాప సభకు డ్రైవర్ తల్లిదండ్రులు వచ్చారు. పరేడ్ మైదానం. మైనస్ పద్దెనిమిది. మెడిక్ ఆ కిల్టే కట్టుకొచ్చి వాయించాడు. రెండు చేతులూ పైపుల మీదే. రంధ్రంలోంచి ఎర్రబడ్డ తొడ కనిపిస్తోంది.

"ఆ అబ్బాయి బట్ట అలా కాలిపోయిందేంటి బాబూ?" డ్రైవర్ తల్లి నన్ను అడిగింది.

"తెలీదు ఆంటీ."

ఆమె నా పక్కనుంచి ముందుకు నడిచింది.

సెప్టెంబర్‌లో, బయల్దేరే రోజు, మెడిక్‌తో అన్నాను: "నీ కిల్టు గురించి ఒకటి చెప్పాలి."

"ఎందుకిప్పుడు? కాల్చింది డ్రైవర్. ఆ సాయంత్రమే వచ్చి ఒప్పుకున్నాడు. నీ పేరు కూడా ఎత్తలేదు."

"కాదు. నేను," అన్నాను.

అతను తన మందుల బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు అరోరా అనే ఊళ్లో ఉంటున్నాను. కమ్మింగ్‌లో ఉన్న డ్రైవర్ తల్లికి ఫోన్ చేసి నిజం చెప్పాలని ఎన్నోసార్లు నంబర్ తీశాను. తీసిన ప్రతిసారీ అదే కనిపిస్తుంది: మంచులో మోకాళ్ల మీద కూర్చుని, తన శాలువాను మెడిక్ నడుముకి చుట్టి, ముడి వేస్తున్న ఆ తల్లి.